వినేవాడి కుర్చీ

ఆరో పేజీ సగంలో అద్దానికి అవతల వేలు లేచింది.

ఆమె చదవడం ఆపింది. పుస్తకంలో తెల్లవారుతోంది, సన్నగా వాన పడుతోంది. చంకలో మూటతో ఒకావిడ రేవులో నిలబడి ఉంది. పడవవాడు మొదటి కేక వేశాడు. సరిగ్గా ఆ కేక దగ్గర ఆమె గొంతు వణికింది. వణకాలనే వణికించింది. నిన్న సాయంత్రమంతా వంటింట్లో సాధన చేసి మరీ తెచ్చుకున్న వణుకు అది. దానికే వేలు లేచింది.

గదుల మధ్య అద్దానికి అవతల కూర్చున్న మనిషిని అందరూ మాస్టారంటారు. చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఈ రెండు గదుల లైబ్రరీలో ఆయన పని వినడం. ఆయనకూ పుట్టుకతోనే చూపు లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎడమచెయ్యి మెషీను మీటల మీద, కుడిచెయ్యి బల్ల మీద ఉంచి కూర్చుంటారు. తప్పు వినపడితే కుడి చూపుడువేలు లేస్తుంది. చదివేవాళ్లు అద్దంలోంచి దాన్ని చూసి ఆగి, వాక్యం మొదటినుంచి మళ్లీ చదవాలి. వేలెత్తి చూపడం లోకంలో అందరూ మాటవరసకు చేస్తారు, ఈయన జీతం తీసుకుని చేస్తారు. పోయిన ఏడు ఒక లెక్చరరు గారు ఒక్క గంటలో నలభైసార్లు ఆ వేలు చూసి, మంచినీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లి ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

"ఏమైంది మాస్టారూ?" అందామె మైకులో.

"ఎవరమ్మా అక్కడ ఏడుస్తోంది?"

"ఆవిడేనండీ. ఇల్లు వదిలి వెళ్లిపోతోంది కదా."

"ఏడుస్తోందని రాసి ఉందా?"

ఆమె పేజీ వంక చూసింది. పడవవాడు కేక వేశాడనీ, ఆవిడ మూటను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుందనీ మాత్రమే ఉంది.

"రాసి లేదండీ."

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు? నా ఏడుపు కూడా నువ్వే ఏడ్చేస్తే ఇక నాకేం మిగిలింది?"

ఆయన కోపంగా అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు మామూలుగానే అన్నారు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మూడేళ్లుగా ఇక్కడికి వస్తోంది. వారానికి ఐదు రోజులు, పొద్దున రెండు గంటలు, జీతం లేకుండా. ఇన్నాళ్లూ ఆమెకు ఇచ్చినవన్నీ మందుల సీసాల మీది కాగితాలు, పరీక్షల గైడ్లు, కరెంటాఫీసు నోటీసులు. కథ అనేది ఒక్కటి దక్కలేదు. ఇప్పుడు ఈ ఆరువందల పేజీల నవల వచ్చింది. వినేవాళ్లలో ఇరవైమంది అడిగి మరీ తెప్పించుకున్న పుస్తకం. దీన్ని రెండుసార్లు చదివింది, అందులోని నది నిద్రలో కూడా వినిపిస్తోంది. మొదటి అధ్యాయం చదివి వినిపించాలి. శనివారానికి మాస్టారు సరేనంటే పుస్తకం ఆమెది. లేకపోతే నాటకాల్లో రాజు వేషాలు వేసి రిటైరైన ఒకాయన ఉన్నారు, ఆయనకు వెళ్లిపోతుంది. ఆయన పద్యం అందుకుంటే కిటికీ అద్దాలు అదురుతాయని చెప్పుకుంటారు. ఈవేళ మంగళవారం.

"మళ్లీ చదువు," అన్నారు మాస్టారు.

*

ఆమెది బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం. మధ్యాహ్నం పన్నెండుకు డ్యూటీ. లైబ్రరీ నుంచి అక్కడికి వెళ్లే సిటీబస్సులో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీయడం అలవాటు. ఆవేళ కునుకులో బస్సు నడవలోకి నీళ్లొచ్చాయి. ముందు చెప్పులు తడిసేంత, తర్వాత మోకాళ్ల దాకా. ఎవరూ కంగారు పడటం లేదు. కండక్టరు ప్యాంటు మడిచి, నీళ్లలో నడుస్తూ టికెట్లు కొడుతున్నాడు. రేవులోని ఆవిడ మూట నీళ్ల మీద తేలుతూ వచ్చి ఈమె ఒళ్లో ఆగింది. విప్పి చూద్దామనుకునేలోగా స్టాపు వచ్చింది.

గాజుగదిలో మైకు ముందు కూర్చున్నాక కూడా ఆ నీళ్లు పూర్తిగా ఇంకలేదు. కింద బస్సులు వస్తూ పోతూ ఉంటే రేవులో పడవల్లాగే కనిపించాయి. "ప్రయాణికులకు గమనిక. ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికొద్ది నిమిషాల్లో... బయలుదేరుతోంది" అన్నది. అనౌన్సుమెంటు విని బెంచీల మీది జనం తలెత్తి చూశారు. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న ఒక పెద్దాయన ఒలవడం ఆపేశాడు.

రెండు నిమిషాల్లో సూపర్‌వైజరు మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటమ్మా అది? బస్సు వెళ్తోంది, అంతే. ఎవరూ పోలేదు. మామూలుగా చెప్పు."

అక్కడ ఎక్కువైందని తిట్టించుకున్నది ఇక్కడా ఎక్కువైందనే తిట్టించుకుంది. ఆరోజు మిగిలిన బస్సులన్నీ చాలా మామూలుగా వెళ్లాయి.

సాయంత్రం ఇంట్లో అత్తగారు బటానీలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని ఆ పేజీ పైకి చదివింది. అత్తగారు పదిహేను కాయలు ఒలిచేదాకా ఓపిక పట్టింది.

"ఎందుకే అంతలా పీకి పాకాన పెడతావు? ఆవిడెవరో రేవుకి వచ్చింది. వచ్చిందని చెప్పు, సరిపోతుంది."

"మీకు తెలీదు అత్తయ్యా. ఇందులో చాలా ఉంది."

"ఉంటే వినేవాళ్లకి తెలీదా? మేమేమన్నా చెవిటివాళ్లమా?"

భర్త గదిలోంచే అందుకున్నాడు. "నిన్న నిద్రలో కూడా పడవ పడవ అన్నావు. మొన్నటిదాకా బస్సులన్నా నయం, టైముకి వచ్చేవి."

ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టే ముఖం పెట్టి, పుస్తకం మూసి బటానీల గిన్నె ముందుకు లాక్కుంది. లోపల ఒళ్లు మండిపోతోంది. ఒకరా ఇద్దరా, మైకు అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా చెప్పేవాళ్లే.

*

బుధవారం ఆమె పంతం పట్టి చదివింది. ఏడవకూడదు, అంతేగా? వణుకు తీసేసింది, నిట్టూర్పు తీసేసింది, వాన తీసేసింది. గోడ మీది నోటీసు చదివినట్టు చదివింది. పది పేజీలు గడిచాయి, వేలు లేవలేదు. గెలిచాననుకుంది. పదకొండో పేజీలో మాస్టారు మెషీనే ఆపేశారు.

"ఇదేంటమ్మా, నాకు సూట్‌కేసు పట్టుకుని పరిగెత్తాలనిపిస్తోంది. ఏ ప్లాట్‌ఫారమో కూడా చెప్పెయ్యకపోయావా?"

గురువారానికి రెంటికీ మధ్యగా ఏదో ఒకటి చూసుకుని వచ్చింది. ఆరోజు వేలు గొంతును వదిలేసి తక్కినవాటన్నిటి మీదా పడింది. పేజీ తిప్పిన చప్పుడు వినపడిందని ఒకసారి. పేజీ చివర వాక్యం తెగకుండానే ఊపిరి తీసుకున్నావని ఒకసారి. గుటక మింగావని, నాలుక అంగిట్లోంచి ఊడిన టక్కుమనే చప్పుడు వచ్చిందని. గంజి పెట్టిన బట్టలు కట్టుకొచ్చావు, మోచెయ్యి కదిలితే కాగితంలా పెళపెళమంటోందని. చేతిగడియారం బయట పెట్టి రావడం మూడేళ్ల అలవాటు కాబట్టి అది తప్పించుకుంది. ఒకచోట ఏ తప్పూ లేదనుకుంటుండగానే వేలు లేచింది.

"ఇప్పుడేంటి మాస్టారూ?"

"నవ్వావు."

"నేనా? నవ్వలేదండీ."

"పెదాలతో నవ్వావు. గొంతు వెడల్పైంది. బాగా చదివానని నీలో నువ్వే అనుకున్నావు."

అది నిజం. అనుకుంది. నిజం కాబట్టే భరించలేకపోయింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, మందపాటి తలుపు తోసుకుని అవతలి గదిలోకి వచ్చేసింది.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తప్పులు పట్టడం కూర్చున్న చోటినుంచి ఎవరికైనా వస్తుంది. మీరు ఒక్కసారి చదివి వినిపించండి, చూద్దాం."

 ఎవరితో ఏమంటోందో చెవికి చేరేసరికి మాట నోరు దాటిపోయింది. పుస్తకం ఇక రాజుగారికే అనుకుంది.

 మాస్టారు చెవులమీది హెడ్‌ఫోన్లు తీసి, తుడిచి, ఆమె గొంతు వచ్చిన వైపు చాచారు.

"సరే. కూర్చో."

"అది కాదు మాస్టారూ, ఏదో నోరు జారి..."

"కూర్చోమన్నానుగా. రికార్డు మీట ఎడమనుంచి రెండోది. కళ్లు మూసుకుని విను. తెరిచావంటే నాకు తెలిసిపోతుంది."

ఎలా తెలుస్తుందో అడిగే ధైర్యం లేకపోయింది. ఆయన బీరువాలోంచి దిండంత లావున్న బ్రెయిలీ పుస్తకం ఒకటి తడిమి తీసుకుని, గోడను వేళ్లతో రాసుకుంటూ వెళ్లి లోపలి గదిలో ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె వదిలేసిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఆమె ఆయన కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్లలో ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు పెట్టుకునే చోట చెక్క నునుపు తేలి ఉంది. కళ్లు మూసుకుంది.

తేనెటీగల గురించిన పుస్తకం అది. ఇంటికి మైలు దూరంలో వదిలేసిన ఈగ దారి ఎలా వెతుక్కుంటుందో ఎవరో ఓపికగా రాశారు. మాస్టారు గొంతు బొంగురుగా, నెమ్మదిగా ఉంది. ఆయన చదవడం మొదలుపెట్టిన కాసేపటికే ఆమె చూపుడువేలు దానంతటదే లేచింది. ఆయన ఆగలేదు. ఇంకొంచెం పైకెత్తింది. ఆగలేదు. చెయ్యి మొత్తం ఎత్తి, అద్దం ముందు అటూ ఇటూ ఊపింది కూడా. ఆయన తేనెటీగతో పాటు హాయిగా సాగిపోతున్నారు. అప్పుడు వెలిగింది ఆమెకు. కళ్లు మూసుకున్న మనిషి చూపులేని మనిషికి వేలు చూపిస్తోంది. పకపకా నవ్వు తన్నుకొచ్చింది.

"ఏమైంది?" ఆయన ఆగారు.

"వేలెత్తాను మాస్టారూ. మీకు కనపడలేదు."

 ఆయన నవ్వు హెడ్‌ఫోన్లలో ఎంత గట్టిగా పేలిందంటే ఆమె వాటిని చెవులనుంచి ఊడబీక్కోవలసి వచ్చింది. మూడేళ్లలో ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఎందుకెత్తావు? చెప్పు."

చెప్పాలా అని తటపటాయించింది. ఆయన పెద్దవారు, పైగా తనకు నవల దక్కడం ఆయన చేతుల్లో ఉంది. కానీ ఆయన అడిగిన తీరులో వేళాకోళం లేదు.

"వాక్యం మధ్యలో ఆగిపోతున్నారండీ. ఈగ ఎగిరి... అని ఆగారు. తర్వాత ఎప్పటికో, చెట్టు మీద వాలింది అన్నారు. మళ్లీ ఇంకోచోట. ప్రతి రెండు మూడు క్షణాలకీ ఒకసారి."

"ఓహో." ఆయన పేజీ మీద వేలు ఆడిస్తున్న చప్పుడు, ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. "వరస అయిపోయింది. వేలు వెనక్కి వచ్చి కింది వరస పట్టుకోవాలి. అదీ సంగతి. యాభై ఏళ్లుగా చదువుతున్నాను, ఈ మాట ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పలేదా?"

"ఎవరికైనా చదివి వినిపిస్తేగా! ఎప్పుడూ నాలో నేనే చదువుకున్నాను." ఆయన గొంతులో చిన్నబుచ్చుకోవడం కోసం వెతికింది. లేదు. పోగొట్టుకున్న తాళంచెవి దొరికిన మనిషిలా ఉంది. "ఉండు. కుడిచెయ్యి ఇక్కడ చదువుతుండగానే ఎడమచెయ్యి ముందే వెళ్లి కింది వరస దగ్గర కాచుకుని ఉంటే? విను, మళ్లీ చదువుతాను."

మళ్లీ చదివారు. కొంచెం మెరుగైంది. చెప్పింది. ఇంకోసారి చదివారు. ఆమె తప్పు చెప్పిన ప్రతిసారీ "ఊ" అని మొదటికి వెళ్తున్నారు. సమర్థించుకోవడం లేదు, సంజాయిషీ ఇవ్వడం లేదు. తను చెప్పింది తప్పయితే "కాదు, అక్కడ కామా ఉంది" అని తోసేసి ముందుకు పోతున్నారు. అటు బాధ లేదు, ఇటు పొంగు లేదు. తనయితే ఒక్కొక్క వేలినీ ఇంటికి మోసుకుపోయి, బటానీలతో పాటు ఒలుచుకుని, పడుకునేదాకా నమిలేది.

కొంతసేపయ్యాక ఆమె తప్పులు వెతకడం మర్చిపోయింది. మూసిన కళ్ల వెనక పసుపుపచ్చటి మధ్యాహ్నం ఒకటి పరుచుకుంది. ఈగ గాలిలో ఒక చుట్టు తిరిగింది, ఇంకా పెద్ద చుట్టు తిరిగింది. వరస చివర ఆయన ఇంకా అక్కడక్కడా తడబడుతూనే ఉన్నారు, ఆ తడబాటులో ఈగ ఎటు వెళ్తుందో తెలియక ఆమె ఊపిరి బిగబట్టింది. పాపం అనమని ఆయన అడగలేదు. అబ్బ అనమని అడగలేదు. ఈగను అక్కడ వదిలేసి తను పక్కకు తప్పుకున్నారు. దాని కోసం భయపడే పని మొత్తం ఈమెకే వదిలేశారు.

కళ్లు తెరిచేసరికి పదకొండు దాటిపోయింది. ఆరోజు డ్యూటీకి పరిగెత్తుకుంటూ వెళ్లింది.

*

శుక్రవారం సాయంత్రం మళ్లీ అత్తగారి ముందు కూర్చుంది. పేజీ చివరి వాక్యాలను ముందే కంఠతా పట్టి, నోరు చదువుతుండగానే చేతివేళ్లతో కాగితం అంచును కిందనుంచి చప్పుడు లేకుండా పైకి లేపడం సాధన చేసింది. అత్తగారు మధ్యలో అడ్డు రాలేదు. 

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఏమో, నేను ఆ వానలో ఉండిపోయాను. నువ్వెలా చదివావో చూళ్లేదు," అని లేచి పక్కలు వెయ్యడానికి వెళ్లిపోయింది. అది మెచ్చుకోలో కాదో ఆమెకు తేలలేదు. మునుపైతే వెనకే వెళ్లి తేల్చుకునేది. ఆరోజు వెళ్లలేదు.

శనివారం మెత్తటి పాతబట్టలు కట్టుకుంది. గడియారం విప్పి మాస్టారి బల్ల మీద పెట్టింది. తలుపు మూసుకోగానే ఊరు ఆగిపోయింది. ఆ గదిలో గోడల్లో దూది కూరారు. రోడ్డు మీది హారన్లు లేవు, ఫ్యాను లేదు, టైమన్నదే లేదు. దీపం కింద పేజీ ఒక్కటే ఉంది.

చదివింది. రేవుకు ఆవిడ వచ్చింది. వచ్చిందని చెప్పింది, అంతే. వాన పడుతోందని చెప్పింది. పడవవాడు కేక వేస్తే ఆవిడ మూటను ఆ చంకలోకి మార్చుకుందని చెప్పి, ఒక్క ఊపిరి సేపు ఆగింది. ఆ ఆగినచోట, తను ఏమీ చెయ్యకుండానే, నీళ్లు రేవు మెట్లకు తగిలి వెనక్కి వెళ్లిన చప్పుడు విన్నట్టు అనిపించింది. పేజీలు ఎప్పుడు తిరుగుతున్నాయో ఆమెకే తెలియలేదు. పాదాలు నీళ్లలో ఉన్నట్టు చల్లబడ్డాయి. తను చదువుతోందో, ఎవరో చదువుతుంటే వింటోందో కాసేపు తేడా తెలియకుండా పోయింది. అద్దం వంక చూడాలని కూడా తోచలేదు.

పడవవాడి రెండో కేక దగ్గర నాలుక మడతపడింది. "నీళ్ల... నీళ్ల మీద" అనేసింది. పచ్చి తప్పు. బడికెళ్లే పిల్లలు కూడా పట్టుకునే తప్పు. ముందుకు సాగి ఇంకో అయిదారు వాక్యాలు చదివాక గాని అద్దంలోకి చూడలేదు. వేలు లేవలేదు. మాస్టారు తల కొంచెం పక్కకు వాల్చి కూర్చున్నారు. నిద్రపోయారేమో అనుకుంది. 

చదవడం ఆపింది.

"మాస్టారూ, ఇందాక తప్పు చదివాను."

"విన్నాను."

"వేలెత్తలేదే మరి?"

 "ఎత్తితే నువ్వు ఆగిపోతావు కదా," అన్నారు.

నోరు తెరవబోతే ఆమె గొంతు దానంతటదే వణికింది. నిజం వణుకు, వంటింట్లో చేసుకున్నది కాదు. ఒక గుక్క నీళ్లు తాగి, అది పోయేదాకా కూర్చుంది.

"నేను మళ్లీ చదువుతాను. తప్పు తప్పే కదండీ."

"తప్పే. 'రెండో కేక' నుంచి అందుకో."

అందుకుంది. ఆ వాక్యం సరిచేసి, ఆగకుండా అధ్యాయం చివరిదాకా వెళ్లింది. పడవవాడు మూడో కేక వేశాడు. ఆవిడ ఒక మెట్టు దిగింది. నీళ్లు పాదాలకు తగిలాయి. వెనక ఊళ్లోంచి ఎవరో ఆవిడను పేరు పెట్టి పిలిచారు. అక్కడితో మొదటి అధ్యాయం అయిపోయింది.

హెడ్‌ఫోన్లు తీసి పెట్టి, అవతలి గదిలోకి వచ్చింది. మెషీను ఇంకా తిరుగుతూనే ఉంది. మాస్టారు దాన్ని ఆపలేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. మూడేళ్ల నోటీసులూ, సీసాల కాగితాలూ, నాటకాల రాజుగారూ అన్నీ కళ్లముందు తిరిగాయి. ఇక ఉండబట్టలేక తనే అడిగింది.

"మాస్టారూ, పుస్తకం ఎవరు చదవాలో మీరింకా చెప్పలేదు."

"ఆ సంగతి తర్వాత చూద్దాం. వెనకనుంచి పిలిచారు కదా, ఆవిడ పడవెక్కిందా లేదా?"

"అది రెండో అధ్యాయంలో ఉంది మాస్టారూ."

"అది నాకూ తెలుసు. ఎక్కిందా?"

ఆయన ముఖం ఆమె వైపు ఎత్తి ఉంది. తప్పులు వినే ముఖం కాదది. ఆమె బల్ల మీది గడియారం తీసి చూసుకుంది. డ్యూటీ బస్సుకు ఇంకా పావుగంట ఉంది. గడియారాన్ని మళ్లీ అక్కడే పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.